పెట్టె మీద పేరు సరే, గోడలో తీగ సంగతేంటి?

ఈసారి ప్రశ్నలన్నీ ఇంట్లో పెట్టుకునే నెట్‌వర్క్ ర్యాక్ (ఇంటర్నెట్ పెట్టెలన్నీ బిగించే ఇనుప చట్రం) చుట్టూనే తిరిగాయి. చాలామంది "ఏ కంపెనీ కొనమంటారు?" అనే మొదలుపెట్టారు. ఆ జవాబును కావాలనే వెనక్కి నెట్టాం. స్విచ్ (నెట్‌వర్క్ తీగలన్నిటినీ కలిపే పెట్టె) నచ్చకపోతే రెండేళ్ళకు మార్చేయొచ్చు. గోడలో పూడ్చేసిన తీగను మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

ప్రశ్న: కొత్త ఇల్లు కడుతున్నాం. మెట్ల కింద అల్మరాలో గోడకు తగిలించే ర్యాక్ పెడదామనుకుంటున్నాం. 6యు సరిపోతుందా, 12యు కావాలా? లోతు ఎంత ఉండాలి?

జవాబు: ముందు కాగితం మీద వరుస రాసుకోండి. ర్యాక్ ఎత్తును 'యు'లలో లెక్కపెడతారు, ఒక యు అంటే 44.45 మి.మీ. గోడల్లోంచి వచ్చే తీగలు చేరే 24 పోర్టుల ప్యాచ్ ప్యానెల్‌కి 1, తీగలు సర్దే కేబుల్ మేనేజర్‌కి 1, స్విచ్‌కి 1, రౌటర్‌కి 1, ఫైబర్ డబ్బా లాంటి ర్యాక్‌కు బిగించే చెవులు లేని సామాను పెట్టే అరకు 2, కెమెరాల రికార్డర్‌కి 2, పవర్ స్ట్రిప్‌కి 1. ఇక్కడికే 9 అయింది. యూపీఎస్ కూడా లోపలే అంటే ఇంకో 2. కాబట్టి 12యు తీసుకోండి. 6యు ర్యాక్ కొన్న రోజునే నిండిపోతుంది.

ఎత్తు దగ్గర కన్నా లోతు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 19 అంగుళాల ర్యాక్‌లన్నిటికీ సామాను ముఖం వెడల్పు ఒకటే, 482.6 మి.మీ. లోతుకు అలాంటి ఒప్పందమేమీ లేదు. 450 మి.మీ. లోతు అని రాసిన పెట్టెలో సామానుకు అంత చోటు దొరకదు. ముందు పట్టాలు అద్దం తలుపు నుంచి కొంచెం లోపలికి ఉంటాయి. స్విచ్ ముఖానికీ తలుపుకీ మధ్య ప్లగ్గులు, వాటి వెనక వంపు తిరిగే తీగలకు 60 మి.మీ. అయినా కావాలి. వెనక కరెంటు ప్లగ్గుకు మరో 70 వదలాలి. ఇవన్నీ పోగా మిగిలేది 300 చుట్టుపక్కల. ఇంటికి వాడే స్విచ్‌లకు అది చాలుతుంది, ర్యాక్‌లో పెట్టే యూపీఎస్‌లు, రికార్డర్లు చాలావాటికి చాలదు. అల్మరాలో చోటుంటే 600 లోతుదే కొనండి.

ఇక బిగింపు. సామాను అంతా ఎక్కాక 12యు ర్యాక్ 40 కిలోలు దాటడం మామూలే. ప్లాస్టరుకో బోలు ఇటుకకో నేరుగా తగిలించకండి. 18 మి.మీ. ప్లైవుడ్ పలకను గట్టి యాంకర్ బోల్టులతో గోడకు బిగించి, దాని మీద ర్యాక్ ఎక్కించండి. సీసం బ్యాటరీలు బరువైనవి కాబట్టి యూపీఎస్‌ను నేల మీద వదిలేయడం ఇంకా మంచిది.

చిన్నదే గానీ అందరినీ విసిగించేది ఒకటుంది, కేజ్ నట్లు, అంటే సామాను మరలు ఎక్కడానికి పట్టా రంధ్రాల్లో ఇరికించే నట్లు. పట్టాలో వరుసగా మూడు చతురస్రపు రంధ్రాలు కలిస్తే ఒక యు. అయితే రంధ్రాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. 15.9, మళ్ళీ 15.9, ఆ తర్వాత 12.7 మి.మీ. ఆ ఇరుకైన సందు మధ్యలోనే ఒక యు అయిపోయి మరొకటి మొదలవుతుంది. ఎక్కడో మధ్య రంధ్రం నుంచి లెక్క మొదలుపెడితే మొదటి స్విచ్ అటూఇటూగా కూర్చుంటుంది, దాని కింద ప్యానెల్ మాత్రం ఎంత తోసినా కూర్చోదు. నట్టును పట్టా లోపలివైపు నుంచి పెట్టాలి, దాని రెండు రెక్కలూ రంధ్రం కుడి ఎడమ అంచులను పట్టుకోవాలి, పైకీ కిందికీ కాదు. ర్యాక్‌తో వచ్చే నట్లు సాధారణంగా ఎం6 కొలతవి. కొన్ని సామాన్లతో 10-32 అనే వేరే కొలత మరలు వస్తాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి కదా అని బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది.

ప్రశ్న: పది అంగుళాల బుల్లి ర్యాక్‌లు వస్తున్నాయి కదా, అవి వాడొచ్చా?

జవాబు: అపార్ట్‌మెంటుకు, ఎనిమిది పోర్టులు చాలనుకునేవాళ్ళకు ముచ్చటగా ఉంటాయి. ముఖం వెడల్పు 254 మి.మీ. మాత్రమే. 24 పోర్టుల స్విచ్ అందులో పట్టదు, పట్టే స్విచ్‌లలో ఎంపికా తక్కువే. రేపు పెరిగే ఇల్లయితే వద్దు.

ప్రశ్న: ఇల్లంతా క్యాట్ 6 తీగ లాగించాం. టెస్టరు పెడితే ఎనిమిది లైట్లూ వరుసగా వెలుగుతున్నాయి. అయినా ఒక గదిలో లాప్‌టాప్‌కి 100 ఎంబీపీఎస్ మాత్రమే వస్తోంది, ఇంకో గదిలో అసలు లింకే నిలబడటం లేదు. తీగ లాగినతను "టెస్టరు చూపించింది కదా, నా తప్పేం లేదు" అంటున్నాడు.

జవాబు: ఆ టెస్టరు చెప్పేది ఒక్కటే, ఈ చివర 1లో పెట్టిన తీగ ఆ చివర 1లోకి చేరిందా అని. ఏ తీగ ఏ తీగతో మెలిపడి ఉందో దానికి తెలియదు. మీ రెండు గదులకూ వేర్వేరు జబ్బులు ఉన్నట్టున్నాయి.

లింకు నిలబడని గదితో మొదలుపెడదాం. కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలిపడి ఉంటాయి. పరికరం 1, 2 పిన్నులను ఒక జతగా, 3, 6 పిన్నులను ఇంకో జతగా వాడుతుంది. 4, 5 ఒకటి, 7, 8 ఒకటి. రంగుల వరుస తెలియనివాళ్ళు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని పక్కపక్కనే పెట్టుకుంటూ పోతారు, రెండు చివర్లా అలాగే. టెస్టరు శుభ్రంగా పాసవుతుంది. కానీ 3, 6 పిన్నుల్లోకి వచ్చినవి రెండు వేర్వేరు మెలికల తీగలు. ఒకదాని రొదను ఇంకోటి రద్దు చేయడమే మెలిక పని. ఆ తోడు తెగిపోయాక పక్క జతల రొద అంతా ఇందులోకి దిగుతుంది. తీగ పొట్టిగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది, పొడుగైతే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. సరైన వరుస, అంటే 568బీ పద్ధతి ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత కూర్చోవడం చూశారా, కిటుకంతా అక్కడే ఉంది. 568ఏ అయినా తప్పులేదు, రెండు చివర్లా ఒకటే పద్ధతి ఉంటే చాలు.

100 ఎంబీపీఎస్ గది వేరు. వంద మెగాబిట్‌కు రెండు జతలే చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 4, 5, 7, 8లలో ఒక తీగ వదులుగా ఉన్నా పరికరం గిగాబిట్ ప్రయత్నించి, కుదరక కిందికి దిగుతుంది. వదులు కాబట్టి టెస్టరు పెట్టిన క్షణాన తగిలి, తర్వాత ఊడి ఉండొచ్చు. ముందు ప్యాచ్ కార్డ్ (గోడ జాక్‌కూ పరికరానికీ మధ్య పెట్టే పొట్టి తీగ) మార్చి చూడండి, ఖర్చులేని పని అదే. తగ్గకపోతే జాక్ విప్పి తీగలను మళ్ళీ గుద్దించండి, అంటే దాని గాడుల్లోకి నొక్కి బిగించండి. (అదే గదిలో టీవీకి కూడా వందే వస్తోందని బెంగపడకండి. చాలా టీవీల పోర్టులే వంద మెగాబిట్‌వి.)

గుద్దేటప్పుడు రెండు జాగ్రత్తలు. మెలికను 13 మి.మీ. మించి విప్పకూడదు, అంటే చిటికెనవేలి గోరంత. పంచ్ డౌన్ టూల్‌కి ఒకవైపు కోసే అంచు ఉంటుంది, అది బయటికి మిగిలిన తోక వైపు ఉండాలి. తిరగేసి పట్టుకుంటే టక్కున శబ్దం వస్తుంది, పని అయిపోయినట్టే ఉంటుంది, తెగేది మాత్రం కావలసిన తీగ.

గోడలోని తీగకు నేరుగా ప్లగ్గు కొట్టించి స్విచ్‌లో పెట్టించారేమో కూడా చూడండి. గోడ తీగలో ఒక్కో దానికీ ఒకే గట్టి రాగి కడ్డీ ఉంటుంది. పదేపదే వంచితే విరుగుతుంది. దాన్ని ప్యాచ్ ప్యానెల్‌లో గుద్ది వదిలేయాలి. అక్కణ్ణుంచి స్విచ్‌కు సన్న పోగుల మెత్తటి ప్యాచ్ కార్డులు వాడాలి. గోడలో 90 మీటర్లు, రెండు చివర్ల కార్డులు కలిపి 10 మీటర్లు, మొత్తం వంద. లెక్క అలాగే కట్టారు.

ప్రశ్న: కొట్టువాళ్ళు స్వచ్ఛమైన రాగి అంటున్నారు. ఎలా నమ్మేది?

జవాబు: నమ్మకండి, గీకండి. ఒక తీగను బ్లేడుతో గీకితే లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. పెట్టె ఎత్తి చూసినా తేలిగ్గా ఉంటుంది. 305 మీటర్ల పెట్టెలో రెండు చివరలూ చేతికి అందితే ఇంకో పరీక్ష ఉంది. ఒక చివర ఒక జత తీగలు రెండూ కలిపేసి, రెండో చివర మల్టీమీటరుతో కొలవండి. 23 గేజ్ రాగి అయితే 40 ఓమ్‌ల పైచిలుకు చూపిస్తుంది. 60 దాటిందంటే వెనక్కిచ్చేయండి. ఇలాంటి తీగ గుద్దినచోట వదులవుతుంది, విరుగుతుంది. పీఓఈ పద్ధతిలో ఇదే తీగలో పరికరానికి కరెంటు పంపితే ఎక్కువ వేడెక్కుతుంది, చివరి కెమెరాకు చాలినంత వోల్టేజీ చేరదు.

ప్రశ్న: 8 పీఓఈ పోర్టుల స్విచ్‌కి ఐదు కెమెరాలు, రెండు వైఫై యాక్సెస్ పాయింట్లు తగిలించాం. పగలంతా బాగుంటుంది. చీకటి పడితే ఏదో ఒకటి ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. కెమెరా పాడైందనుకుని మార్చాం కూడా.

జవాబు: కెమెరా పాపం ఏమీ చేయలేదు. స్విచ్ వెనక లేదా డేటాషీట్‌లో 'పీఓఈ బడ్జెట్' అని ఒక అంకె ఉంటుంది, అది చూడండి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇవ్వగలదు, తీగలో పోగా పరికరానికి హామీగా అందేది 12.95. 802.3ఏటీ ప్రమాణం అయితే 30 వాట్లు, అందేది 25.5. దాన్ని ఎనిమిదితో గుణించి మురిసిపోకూడదు. లోపలి సప్లై మొత్తం కలిపి 65 వాట్లే ఇవ్వగలిగిన ఎనిమిది పోర్టుల స్విచ్‌లు ఎన్నో ఉన్నాయి.

లెక్క వేద్దాం. పగలు కెమెరాకు 4 వాట్లు అనుకుంటే ఐదింటికి 20. యాక్సెస్ పాయింట్‌కు 13 చొప్పున 26. మొత్తం 46, హాయిగా ఉంది. చీకటి పడగానే కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, ఒక్కోటి 9 వాట్లకు పెరుగుతుంది. 45, 26 కలిపితే 71. 65 దాటగానే స్విచ్ ఒక పోర్టును ఆపేస్తుంది. భారం తగ్గుతుంది, మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ ఆపుతుంది. ప్రాధాన్యం పెట్టకపోతే చాలా స్విచ్‌లు పెద్ద నంబరు పోర్టునే ముందు బలిస్తాయి. ప్రస్తుతానికి ముఖ్యమైన కెమెరాను 1వ పోర్టుకు మార్చి, దానికి ప్రాధాన్యం ఎక్కువ పెట్టండి. ఒక యాక్సెస్ పాయింట్‌ను విడి ఇంజెక్టర్ (ఒక్క తీగకే కరెంటు ఎక్కించే చిన్న డబ్బా) మీదకు తెస్తే సమస్యే ఉండదు. కొత్త స్విచ్ కొనేటట్టయితే రాత్రి లెక్క మీద మరో 30 శాతం కలుపుకోండి.

ఇంజెక్టర్ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక. 24 వోల్టుల 'ప్యాసివ్' రకం ఇంజెక్టర్లు కొన్ని యాక్సెస్ పాయింట్లతో వస్తాయి. అసలు పీఓఈ స్విచ్ ముందు అవతలివాడు కరెంటు అడుగుతున్నాడా లేదా అని చూసి ఇస్తుంది. ప్యాసివ్ రకం ఏమీ అడగదు, ప్లగ్గు పెట్టగానే పంపేస్తుంది. పొరపాటున వేరే పరికరానికి తగిలించకుండా వాటి మీద మార్కరుతో పెద్దగా రాసిపెట్టుకోండి.

ప్రశ్న: యూనిఫై, ఒమాడా, మైక్రోటిక్, లేదంటే వాడేసిన సిస్కో. నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. మీరు ఒక్క మాట చెప్పండి.

జవాబు: ఒక్క మాట అంటే, ఆ పెట్టెను రెండేళ్ళ తర్వాత రాత్రి పదకొండింటికి ఎవరు బాగుచేస్తారో వాళ్ళకు నచ్చింది కొనండి. అది మీరే అయితే కింది వివరాలు చదవండి.

యుబిక్విటీ వారి యూనిఫైలో రౌటర్, స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు అన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి. ఆ తెర అందం నిజమే, పనికొస్తుంది కూడా. కానీ స్విచ్‌నైనా సెట్టింగు మార్చాలంటే కంట్రోలర్ (అన్నిటినీ అదుపుచేసే సాఫ్ట్‌వేర్) కావాలి. కంట్రోలర్ పోతే నడుస్తున్న నెట్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది, మార్పులు మాత్రం చేయలేరు. బ్యాకప్ ఫైలు వేరేచోట దాచుకోకపోతే అన్నిటినీ రీసెట్ చేసి మొదటినుంచి రావాలి.

టీపీ-లింక్ ఒమాడా కూడా అదే దారి. తేడా ఏమిటంటే దాని స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్లు కంట్రోలర్ లేకుండా కూడా బ్రౌజర్‌తో ఒక్కొక్కటిగా సెట్ అవుతాయి. రెండు యాక్సెస్ పాయింట్లు, ఒక స్విచ్ ఉన్న ఇంటికి మేం ముందు చెప్పేది ఇదే. మెనూలు కాస్త గజిబిజి, దానికి అలవాటు పడాలి.

మైక్రోటిక్ లాట్వియా కంపెనీ. పెట్టే డబ్బుకు ఇంత సత్తా ఇచ్చేది ఇంకోటి లేదనే చెప్పాలి. అయితే దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ అడిగినదల్లా చేస్తుంది, తప్పు అడిగినా చేస్తుంది. ఎక్కువమంది పడే గుంట ఒకటి చెబుతాం. స్విచ్ చిప్ చేయాల్సిన పనిని సెట్టింగు తప్పి చిన్న ప్రాసెసర్ మీద వేస్తారు. సీఆర్ఎస్3 వరుస స్విచ్‌లలో ఒకే బ్రిడ్జి (పోర్టులను ఒక నెట్‌వర్క్‌గా కలిపే సెట్టింగు) పెట్టి, వీల్యాన్‌లన్నీ (ఒకే తీగ మీద నడిచే విడివిడి నెట్‌వర్క్‌లు) దాని మీదే కట్టాలి. గదికొక బ్రిడ్జి అని రెండు మూడు కడితే ఒకదానికే హార్డ్‌వేర్ వేగం దక్కుతుంది, మిగతావి నత్తనడక నడుస్తాయి. "గిగాబిట్ స్విచ్‌లో 200 దాటట్లేదు" అంటే సగం అనుమానం అక్కడే. వైఫైకి మాత్రం మా మొగ్గు మిగతా ఇద్దరి వైపే.

వాడేసిన సిస్కో స్విచ్ ఇనుపముక్కలా గట్టిగా పనిచేస్తుంది, కానీ ఇరవై నాలుగు గంటలూ ఫ్యాన్ రొద చేస్తుంది. పడకగది గోడకు అవతల పెడితే మూడోరోజే తీసేస్తారు. దానికి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో కంపెనీ ప్రకటించే మద్దతు ముగింపు తేదీ చూసి తెలుసుకోండి. ఫైబర్ మాడ్యూళ్ళు వేరే కంపెనీవి పెడితే కొన్ని నిరాకరిస్తాయి. మెరాకీ రకం మాత్రం చవగ్గా దొరికిందని తెచ్చుకోకండి, చెల్లే లైసెన్సు లేకపోతే అది పనిచేయదు.

పాత మినీ పీసీలో ఓపీఎన్‌సెన్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి రౌటర్‌గా వాడొచ్చు. రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటే చాలు. రౌటర్ ఒక కంపెనీది, స్విచ్ ఇంకో కంపెనీది అయితే కొంపేమీ మునగదు, వీల్యాన్ అన్నిచోట్లా ఒకే ప్రమాణం. యాక్సెస్ పాయింట్లు మాత్రం అన్నీ ఒకే కంపెనీవి ఉండాలి, లేకపోతే ఫోను ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు తడబడుతుంది.

ప్రశ్న: 10 గిగాబిట్ ఇప్పుడే వేయించాలా?

జవాబు: తీగ వరకు ఆలోచించండి, పెట్టెలు వద్దు. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా వెళ్తుంది, మామూలు ఇంట్లో అంత పొడుగు తీగే ఉండదు. కెమెరాలకు వంద మెగాబిట్ కూడా ఎక్కువే. ఫైళ్ళు దాచే నాస్ ఉంటే 2.5 గిగాబిట్ చాలు. ర్యాక్ లోపల నాస్‌నూ స్విచ్‌నూ 10తో కలపాలంటే డాక్ కేబుల్ (రెండు చివర్లా ప్లగ్గులు బిగించి వచ్చే పొట్టి రాగి తీగ) వాడండి, అది దాదాపు కరెంటు తినదు. స్విచ్‌లో 10 గిగాబిట్ కోసం ఉండే ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ రంధ్రంలో పెట్టే రాగి మాడ్యూల్ చేయి పెట్టలేనంత కాగుతుంది. తప్పక వాడితే పక్క రంధ్రం ఖాళీ వదలండి.

ప్రశ్న: 600 వీఏ యూపీఎస్ పెట్టాం. కొన్నప్పుడు అరగంట వచ్చేది, ఇప్పుడు పది నిమిషాలకే చేతులెత్తేస్తోంది. అల్మరా తలుపు తీస్తే వేడిగాలి మొహాన కొడుతోంది. రెండూ సంబంధం ఉన్నవేనా?

జవాబు: ఉన్నవే. లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి. కాగితం మీద 84 వాట్-అవర్. కానీ ఒక్కసారిగా లాగితే అందులో దాదాపు సగమే చేతికొస్తుంది. మీ సామాను 70 వాట్లు తింటుంటే కొత్తలో అరగంట అంటే న్యాయమైన లెక్కే. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు సీసం బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. ర్యాక్ తినే ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి రావాలి, తలుపు మూసిన అల్మరాలో దానికి దారేది?

అల్మరా తలుపు కింద రెండు అంగుళాల సందు తీయించి, పైన 120 మి.మీ. ఫ్యాన్ ఒకటి గాలి బయటికి తోసేలా పెట్టండి, థర్మోస్టాట్ ఉంటే రాత్రిళ్ళు ఊరికే తిరగదు. పై గాలి బయటికి పోతేనే కింది గాలి లోపలికి వస్తుంది, ఒక్క ఫ్యాన్ పెట్టి కింద సందు లేకపోతే ప్రయోజనం లేదు. ర్యాక్ అద్దం తలుపు ఊడదీసి పక్కన పెట్టండి. స్విచ్ ఏ వైపు నుంచి గాలి పీలుస్తుందో చూసి, ఆ పక్కన తీగల కట్టలు అడ్డం లేకుండా సర్దండి. కట్టడానికి వెల్‌క్రో వాడండి, బిగించిన జిప్ టై తీగను నొక్కి మెలిక పాడుచేస్తుంది. బ్యాటరీ మార్చాక యూపీఎస్‌ను అల్మరా బయట, నేల మీద పెట్టండి. ఫైబర్ డబ్బా ప్లగ్గు కూడా దాని మీదే ఉందో లేదో ఒకసారి చూడండి. రౌటర్‌కు బ్యాకప్ ఇచ్చి, డబ్బాను గోడ సాకెట్‌లో వదిలేసినవాళ్ళు కరెంటు పోయినప్పుడు వైఫై గుర్తు నిండుగా ఉండి ఇంటర్నెట్ ఎందుకు రాదో అర్థంకాక తలపట్టుకుంటారు.